లెక్కలోకి రాని చట్రం

మా రోబోటిక్స్ ల్యాబులో కొన్నది తక్కువ, చేసుకున్నది ఎక్కువ అని చెప్పుకోవడం చాలా ఏళ్లు నాకు గర్వంగా ఉండేది. ఎవరైనా చూడ్డానికి వస్తే రోబో కంటే ముందు దాని కింది ఇనప బల్లను చూపించేదాన్ని. ఎల్ యాంగిల్ కోసి, వెల్డింగు చేసి, రంగు పూసి మా పిల్లలు నిలబెట్టిన బల్ల. కెమెరా స్టాండు మాదే, గ్రిప్పరు మాదే, కాయలు వచ్చే చిన్న బెల్టు కూడా మాదే. రెడీమేడ్ సామాను ఫ్యాక్టరీలకు, విశ్వవిద్యాలయానికి కాదని నా నమ్మకం. ఆ గర్వం ఎంత తెలివితక్కువదో ఇప్పుడు దాపరికం లేకుండా రాయాలనుకుంటున్నాను. ఎందుకంటే దాని నష్టం నేను భరించలేదు, నా విద్యార్థులు భరించారు.

మా పని మామిడికాయల మీద. బంగినపల్లి కాయను నలగకుండా పట్టుకుని ఎత్తి, సైజును బట్టి వేరువేరు ట్రేలలో పెట్టడం రోబోకు నేర్పాలి. హైదరాబాద్ శివారు బాటసింగారం పండ్ల మార్కెట్టులో కాయలు ఏరేవాళ్లను చూస్తే ఈ పని ఎంత గొప్పదో తెలుస్తుంది. కాయ చేతిలో పడగానే ఎంత బిగువు చాలో వాళ్ల వేళ్లకు తెలిసిపోతుంది. రోబోకు అలా తెలియదు. కాయ ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో కెమెరా చెప్పాలి. దాన్నిబట్టి గ్రిప్పరు వేళ్లు ఎక్కడ దిగాలో, ఎంత దగ్గరకు రావాలో లెక్క కట్టాలి. ఆ లెక్కే మా పరిశోధన అనుకున్నాను. కెమెరాను మోసే స్టాండు, రోబోను మోసే బల్ల, తీగలు, బోల్టులు ఇవన్నీ నా దృష్టిలో పరిశోధనకు బయటి సంగతులు. పేపర్లో వాటికి దక్కేది ఒక్క వాక్యం. ఒక్క వాక్యం దక్కేదాని మీద ఆలోచన ఖర్చు పెట్టడం దేనికి అనుకున్నాను. నా మూల దోషం ఇదే. తర్వాత చేసిన పొరపాట్లన్నీ దీనిలోంచే పుట్టాయి.

వెల్డింగు వేడికి ఇనుము గుంజుకుంటుంది. బల్ల కాళ్లు నాలుగూ నేలకు ఆనకపోతే కింద అట్ట ముక్కలు దోపేవాళ్లం. కెమెరాను రెండంగుళాలు జరపాలంటే కొత్త కన్నాలు వేయాలి. కన్నానికి చోటు చాలకపోతే కొత్త ప్లేటు చేయించాలి, ప్లేటు కోసం బాలానగర్ వెళ్లాలి. అక్కడ మాకు పని చేసిపెట్టే లేత్ షాపాయన చాలా ఓపిక ఉన్నవాడు. అయినా ఒకసారి అనేశాడు: “మేడమ్, పోయినసారి మీరిచ్చిన కొలతకే చేసిన. ఇప్పుడు మళ్ల మారిందంటున్నరు. ఏది మారుతదో ఏది మారదో జెర ముందుగాల అనుకొని రండ్రి.” నాకు కోపం వచ్చింది. అన్నీ ముందే ఖాయమైతే అది పరిశోధన ఎందుకవుతుందని తిరిగి వస్తూ పిల్లలతో అన్నాను. నిజానికి ఆయన అన్నది పరిశోధన గురించే. మా ప్రయోగంలో ఏది మారాలి, ఏది కదలకుండా ఉండాలి అనేది మేమెప్పుడూ విడదీసుకోలేదు. నేను వినిపించుకోలేదు.

ఆ రోజుల్లో నా దగ్గర ఎం.టెక్ చేస్తున్న ఒక అమ్మాయి ఉండేది. కాయ రంగును బట్టి పక్వాన్ని పసిగట్టి, పండిన కాయకు గ్రిప్పరు బిగువు తగ్గించాలన్నది ఆమె ఆలోచన. చాలా మంచి ఆలోచన. మామిడి ఏప్రిల్ నుంచి జూన్ దాకానే దొరుకుతుంది కాబట్టి ప్రయోగాలు ఆ లోపలే కావాలి. ఆ చలికాలమంతా ఆమె హ్యాక్సాతో, డ్రిల్లుతో, వైసుతో గడిపింది. రాణిగంజ్‌లో బేరింగుల కోసం తిరిగింది. కాయలు మార్కెట్టుకు వచ్చేనాటికి బెల్టు ఇంకా పక్కకు లాగుతూనే ఉంది. బెల్టు సరిగా నడిచేనాటికి కాయలు అయిపోయాయి. థీసిస్ కంప్యూటర్లో చేసిన సిమ్యులేషన్‌తో ముగిసింది. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నిజమైన కాయల మీద ఎందుకు చూడలేదని అడిగితే, ఆమె నా వైపు చూసింది. “సమయం చాలలేదండీ” అని నేనే జవాబు చెప్పాను. ఆ సమయాన్ని ఖర్చు పెట్టించింది నేనేనని అప్పుడు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఆమె ఉద్యోగంలో చేరిపోయింది. ఆ ఆలోచన ఆమె చేతుల మీదుగా నిజమయ్యే అవకాశం అక్కడితో పోయింది.

నా మొండితనానికి మూలం ఎక్కడుందని తర్వాత చాలా ఆలోచించాను. మా తరానికి రోబోటిక్స్ అంటే తొలితరం వాళ్ల కథలే. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరు అయ్యారని చదివి ఒళ్లు పులకరించినవాళ్లం. 1969లో స్టాన్‌ఫర్డ్‌లో విక్టర్ షైన్‌మన్ పూర్తిగా కరెంటు మోటార్లతో నడిచే ఆరు కీళ్ల చేతిని తయారు చేసిన కథను నేను క్లాసులో ఎంతో ఇష్టంగా చెప్పేదాన్ని. వాళ్లు అన్నీ తామే చేసుకున్నారు, మనమూ అలాగే చేసుకోవాలి అనేది నేను తీసుకున్న పాఠం. కథలో సగమే తీసుకున్నాను. షైన్‌మన్ చేసుకున్నది అలాంటిది కొనడానికి దొరక్కనే. 1978లో యూనిమేషన్ కంపెనీ ఆయన డిజైన్ల ఆధారంగా ప్యూమా రోబోను తెచ్చాక, ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాల ల్యాబులు అదే కొనుక్కున్నాయి. చెయ్యి తయారీ పక్కన పెట్టి, ఆ చేతితో ఏం చేయించాలన్న ప్రశ్న మీద కూర్చున్నాయి. నేను మాత్రం వాళ్ల అవసరాన్ని ఆదర్శంగా నెత్తిన పెట్టుకున్నాను.

ఫ్యాక్టరీల పని అని నేను తీసిపారేసిన దాంట్లోనూ ఎంతో ఆలోచన ఉంది. 1960లలో కార్ల ఫ్యాక్టరీలో మోడల్ మారినప్పుడల్లా గోడ నిండా ఉన్న రిలే ప్యానెళ్ల తీగలు విప్పి మళ్లీ కలపాల్సి వచ్చేది. ఆ బాధ పడలేక 1968లో జనరల్ మోటార్స్‌కు చెందిన హైడ్రమాటిక్ విభాగం, తీగలు మార్చకుండా ప్రోగ్రాము మారిస్తే సరిపోయే కంట్రోలరు కావాలని అడిగింది. డిక్ మోర్లీ బృందం చేసిన మోడికాన్ 084 దానికి వచ్చిన జవాబు. ఫ్యాక్టరీల్లో పీఎల్‌సీ అని పిలిచే ప్రోగ్రామబుల్ కంట్రోలరు అలా పుట్టింది. ఒక భాగం మారిస్తే మిగతాది చెదరకూడదన్నది వాళ్ల పట్టుదల. బాలానగర్ లేత్ షాపాయన నాతో అన్నదీ అదే మాట.

చివరికి ఒక ప్రాజెక్టు గ్రాంటు వచ్చింది. దాంతో అయిదు కిలోలు ఎత్తే రోబో చెయ్యి, అల్యూమినియం ప్రొఫైళ్లు (నట్లు దూర్చడానికి పొడవునా గాడి ఉండే కమ్మీలు), రెడీమేడ్ కన్వేయరు, మోటారుతో సహా వచ్చే లీనియర్ యాక్సిస్ (పట్టా మీద బండిని నేరుగా నడిపేది) కొన్నాం. కొనడానికి కారణం నాలో మార్పు కాదు, మార్చి 31లోగా డబ్బు ఖర్చు పెట్టాలన్న ఒత్తిడి. ఆ తొందరలో ఇండెంటులో “40×40 అల్యూమినియం ప్రొఫైలు, టీ నట్లతో” అని రాసి సంతకం పెట్టాను. ప్రొఫైలు పైకొలత ఒకటే అయినా గాడి వెడల్పు తయారీదారును బట్టి మారుతుంది. కొందరి 40 ప్రొఫైలుకు గాడి 8 మిల్లీమీటర్లు, మరికొందరిదానికి 10. ఆ సంగతి నేను రాయలేదు. ప్రొఫైళ్లు ఒక చోటు నుంచి, నట్లు ఇంకో చోటు నుంచి తక్కువ ధరకు వచ్చాయి. ప్రొఫైళ్ల గాడి 8, నట్లలో సగం 10కి చేసినవి. ఇండెంటు ప్రకారం చూస్తే ఎవరి తప్పూ లేదు. తిరిగి కొనాలంటే మళ్లీ కొటేషన్లు, మళ్లీ కమిటీ. పిల్లలు ఆకురాయితో నట్లను అరగదీసి గాడిలోకి దూర్చారు. “పడుతున్నాయి మేడమ్” అన్నారు. “పడితే చాలు” అన్నాను. ఆ రెండు ముక్కలు తర్వాత నన్ను చాలా రోజులు వెంటాడాయి.

అయినా చట్రం లేచిన వేగం చూసి ఆశ్చర్యపోయాను. ఇదివరకు ఒక చలికాలం పట్టిన పని అలెన్ కీలతో కొద్ది రోజుల్లో అయిపోయింది. రోబో మణికట్టు చివర ఉండే ప్లేటుకు ఐఎస్‌ఓ 9409-1 అనే ప్రమాణం ఉంది. మా రోబోది 50 మిల్లీమీటర్ల వలయం మీద నాలుగు ఎం6 కన్నాల రకం. ఆ కన్నాలకు సరిపడేలా చేసిన గ్రిప్పరు ఏ దేశంలో తయారైనా కూర్చుంటుంది, ఇంట్లో బల్బు హోల్డరులో ఏ కంపెనీ బల్బయినా కూర్చున్నట్టు. మాడ్యులర్ సామాను అసలు విలువ అప్పుడు కొంత అర్థమైంది. విలువ ముక్కల్లో కంటే ముక్కలు కలిసే చోటే ఎక్కువ. అక్కడ కన్నం ఎక్కడుండాలి, తీగలో ఎన్ని వోల్టులు రావాలి, సంకేతం ఏ పద్ధతిలో వెళ్లాలి అన్నవి మనకు ముందే ఎవరో కూర్చుని ఒప్పుకుని పెట్టారు. ఆ ఒప్పందం ఉన్నందుకే మన మనసు మామిడికాయ మీద పెట్టగలం.

అర్థమైంది అన్నాను గానీ, సగమే అర్థమైంది. కలపడం సులువైంది కాబట్టి కదపడమూ సులువే అనుకున్నాను. కన్నాలు వేయక్కర్లేదు, బోల్టు వదులు చేసి జరిపితే చాలు. పిల్లలకు నేనే చెప్పాను: “ఇప్పుడేమీ భయపడక్కర్లేదమ్మా, కావలసినట్టు జరుపుకోండి.” ఇనప బల్ల ఉన్నప్పుడు కెమెరాను జరపడం ఎంత కష్టమంటే, జరిపిన ప్రతిసారీ అందరికీ గుర్తుండిపోయేది. కొత్త చట్రంలో అది ఎవరికీ గుర్తుండనంత తేలికైపోయింది.

మామిడి సీజను మొదలైంది. పాత పద్ధతితో కొన్ని వారాలు కాయలు ఎత్తించి ఫలితాలు నమోదు చేశాం. మధ్యలో ఒక సమస్య వచ్చింది. పైన ట్యూబులైటు వెలుగు కాయ తొక్క మీద మెరిసి కెమెరాకు తెల్ల మచ్చలా కనిపించేది. ఒక అబ్బాయి కెమెరా ఉన్న అడ్డకమ్మీని కొంచెం పక్కకు జరిపాడు. నేనే జరపమన్నాను. జరిపాక కెలిబ్రేషన్, అంటే కెమెరా చూసే చోటుకూ రోబో వెళ్లే చోటుకూ లెక్క కుదర్చడం, మళ్లీ చేశామా? చేశామనే అనుకున్నాను. చేయలేదు. జరిపినట్టు ఎక్కడా రాసి పెట్టలేదు. ఆ తర్వాత మా కొత్త పద్ధతి, అంటే కాయ వంపును బట్టి వేళ్లు దిగే చోటును మార్చే పద్ధతి, సిద్ధమైంది. దాంతో ఎత్తించడం మొదలుపెట్టాం. జారిపోయే కాయలు స్పష్టంగా తగ్గాయి. నా ఆనందానికి హద్దు లేదు. రాత్రింబవళ్లు కూర్చుని పేపరు రాసి పంపించాను.

అప్పుడే ల్యాబులో చేరిన ఒక కుర్రవాడు ఆ డేటా చూస్తూ ఒక బొమ్మ గీశాడు. ప్రతి కాయకూ రోబో మణికట్టు దిగాల్సిన చోటు నుంచి నిజంగా దిగిన చోటుకు ఒక బాణం. తప్పులు యాదృచ్ఛికమైతే బాణాలు అన్ని వైపులకూ చెదిరి ఉండాలి. ఒక తేదీ తర్వాత బాణాలన్నీ కిటికీ వైపే చూస్తున్నాయి. “మేడమ్, తప్పులన్నీ ఒకే వైపు ఎందుకున్నాయి?” అని అడిగాడు. నాకు వెంటనే నచ్చలేదు. పద్ధతి పనిచేస్తున్నప్పుడు ఈ బాణాలతో ఏం పని అన్నట్టు మాట్లాడాను. అతను తగ్గలేదు. మర్యాదగానే, మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. ఆ తేదీన ఏం జరిగిందో వెతికితే ఏ రికార్డులోనూ దొరకలేదు. చివరికి ఎవరో ఫోనులో తీసుకున్న ఫొటోల్లో కమ్మీ స్థానం మారినట్టు కనిపించింది.

మా ఫలితం కుప్పకూలిన సంగతి ఇక్కడ వివరంగా చెప్పాలి, ఇలాంటిది ఇంకెక్కడైనా జరగవచ్చు కాబట్టి. మేము గ్రిప్పరును బిగించినప్పుడే దాని వేళ్లు నడిమి గీత నుంచి కొంచెం పక్కకు ఉన్నాయి. పాత పద్ధతిలో కాయలు జారడానికి అదొక కారణం. కమ్మీ జరపడంతో కెమెరా చెప్పే స్థానమూ తప్పింది, కానీ తప్పింది సరిగ్గా ఎదురు దిక్కుకు. ఒక తప్పు ఇంకో తప్పును మింగేసింది. కాయలు జారడం తగ్గింది. అదే సమయానికి మా కొత్త పద్ధతి వచ్చింది, ఘనత దానికి ఇచ్చాను. అప్పటికి మామిడి అయిపోయింది. కాయ ఆకారంలో చేసిన చెక్క నమూనాల మీద పాత పద్ధతినే జరిపిన కమ్మీతో నడిపి చూస్తే, మెరుగు చాలావరకు అక్కడే కనిపించింది. నిజం కాయ మీద మా పద్ధతి ఎంత మేలో చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ మిగల్లేదు. పేపరును వెనక్కి తీసుకుంటున్నట్టు సంపాదకులకు కారణంతో సహా రాశాను.

చట్రం కదలిక లెక్కలు నాకు తెలియనివి కావు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మా రోబో ఒకే చోటుకు మళ్లీ మళ్లీ వెళ్లినప్పుడు వచ్చే తేడా 0.03 మిల్లీమీటరు అని తయారీదారు చెప్తాడు. ఆ అంకెను నేను ప్రతి ప్రజెంటేషన్‌లోనూ చూపించేదాన్ని. అది మళ్లీ అక్కడికే వెళ్లే నిలకడ గురించిన అంకె. మనం చెప్పిన చోటికే వెళ్తుందా అన్నది వేరే ప్రశ్న. పైగా, ఎక్కడికి వెళ్లాలో చెప్పే కెమెరా ఆ రోబోకు కాక చట్రానికి వేలాడుతోంది. కెమెరా ఒక డిగ్రీలో పదో వంతు పక్కకు ఒరిగితే, మీటరు దూరంలో ఉన్న కాయ స్థానం దాదాపు 1.7 మిల్లీమీటర్లు తప్పుతుంది. రోబో నిలకడ కంటే ఇది యాభై రెట్లకు పైన. అరగదీసిన నట్లు గాడిని పూర్తిగా పట్టవు. కన్వేయరు నడిచినప్పుడల్లా వచ్చే కంపనానికి పదో వంతు డిగ్రీ ఒరగడం ఎంతసేపు?

అంతేకాదు, కెమెరా కన్వేయరు పైకి రావడానికి నిలువు కమ్మీల పొడవును అర మీటరు నుంచి మీటరుకు పెంచాం. ఒక చివర బిగించిన కమ్మీ పొడవు రెట్టింపు చేస్తే, అదే బలానికి వంపు ఎనిమిది రెట్లు అవుతుంది. ఇది నేనే బీటెక్ పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పే సూత్రం. తేలిక రకం 40 ప్రొఫైలు మీటరు పొడవున నిలబెట్టి, కొసన కిలో బరువంత బలంతో పక్కకు లాగితే దాదాపు అర మిల్లీమీటరు వంగుతుంది. వేలాడే తీగల లాగుడే అందులో కొంత ఉంటుంది. ఇక ఎండ సంగతి. రాత్రి ఏసీలు ఆపేస్తారు. మే నెలలో రాత్రికీ పగటికీ గదిలో పది డిగ్రీల తేడా వస్తే, రెండు మీటర్ల అల్యూమినియం కమ్మీ పొడవులో అర మిల్లీమీటరుకు దగ్గరగా మారుతుంది. పొద్దున్నే వచ్చి కెలిబ్రేషన్ చేసి, గది చల్లబడ్డాక ప్రయోగం చేసేవాళ్లం. సూత్రం బోర్డు మీద ఉన్నప్పుడు నాకు చదువులా కనిపించింది. అదే సూత్రం నా ల్యాబులో నిలబడి ఉంటే గుర్తుపట్టలేకపోయాను.

కెమెరా కన్నుకూ రోబో చేతికీ మధ్య సంబంధాన్ని లెక్కగట్టే పద్ధతిని త్సాయ్, లెంజ్ 1989లోనే ఇచ్చారు. నల్లతెల్ల గళ్ల పలకను గ్రిప్పరుకు పట్టించి రకరకాల కోణాల్లో తిప్పితే సరిపోతుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అదంతా తానే చేస్తుంది. అరగంట పని. ఆ అరగంట మిగుల్చుకోవడానికి ఒక సీజను పోగొట్టుకున్నాం.

ఇంకొకటి చెప్పకపోతే ఈ స్వగతం నిజాయితీగా ఉండదు. ఆ గ్రాంటుతో కొనాల్సిన జాబితాలో సేఫ్టీ రిలే మాడ్యూలు ఉండేది. డబ్బు సరిపోవడం లేదని నేనే దాన్ని కొట్టేసి ఇంకో కెమెరా రాశాను. ఎమర్జెన్సీ బటన్‌ను కంప్యూటరుకు కలిపి, నొక్కితే ప్రోగ్రాము మోటారును ఆపేలా చేశాం. ఒకరోజు ప్రోగ్రాము బిగుసుకుపోయింది. లీనియర్ యాక్సిస్ కదులుతూనే ఉంది. అక్కడున్న ఒక విద్యార్థిని బటన్ నొక్కింది, ఆగలేదు. బండి చివరి దాకా వెళ్లి గుద్దుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆమె చెయ్యి కాసేపటి ముందు ఆ దారిలోనే ఉంది. సేఫ్టీ రిలే ఉండే సరైన ఏర్పాటులో బటన్ లోపల, నొక్కనంతసేపూ కలిసి ఉండే కాంటాక్టులు రెండు వరుసల్లో ఉంటాయి. బటన్ నొక్కినా, తీగ తెగినా కరెంటు ఆగి యంత్రం ఆగుతుంది. మధ్యలో కంప్యూటరు అభిప్రాయంతో పని లేదు. నియమాలు పాటించే ఫ్యాక్టరీలో ఈ ఏర్పాటు లేకుండా యంత్రం నడపనివ్వరు. విశ్వవిద్యాలయంలో నన్ను ఎవరూ ఆపలేదు, నేనే ఆపుకోవాల్సింది. పేపర్లో రాని వస్తువు కాబట్టి కొట్టేశాను. ఒక పిల్ల చేతి కంటే కెమెరాకు ఎక్కువ విలువ కట్టానని ఆ రాత్రి అనిపించింది. ఈ రోజుకీ ఆ మాట తీసేయడానికి నాకు కారణం దొరకలేదు. మర్నాడే యాక్సిస్‌కు కరెంటు తీయించి, రిలే వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఇలాంటి రెడీమేడ్ ముక్కలను గౌరవంగా వాడినవాళ్లు ఏం సాధించారో చూస్తే నా నష్టం ఇంకా బాగా తెలుస్తుంది. 2010లో విల్లో గరాజ్ సంస్థ ఒకే రకం పీఆర్2 రోబోలను 11 సంస్థలకు ఇచ్చింది. ఒక చోట రాసిన ప్రోగ్రాము ఇంకో చోట నడిచింది. 2024లో వచ్చిన డ్రాయిడ్ డేటాసెట్ సంగతి ఇంకా దగ్గరిది. ఎన్నో విశ్వవిద్యాలయాల వాళ్లు కలిసి, అందరూ ఒకే రకం ఫ్రాంకా చెయ్యి, ఒకే రకం గ్రిప్పరు, ఒకే రకం కెమెరాలు, చక్రాల మీద కదిలే ఒకే రకం బల్ల పెట్టుకున్నారు. ఏడాది పాటు 564 చోట్ల, 76 వేల సార్లు రోబోతో పనులు చేయించి రికార్డు చేశారు. బల్ల ఎలా కట్టాలో, ఏ సామాను వాడాలో కూడా అందరికీ తెరిచి పెట్టారు. నేను ఒక్క వాక్యంతో సరిపెట్టే సంగతి వాళ్లకు పని మొత్తానికీ పునాది. అంత జాగ్రత్తపడినవాళ్లు కూడా ఆ తర్వాత కెమెరాల స్థానాలను మళ్లీ లెక్కగట్టి, మెరుగుపరిచిన విలువలను విడుదల చేశారు. ఆ పని చూసి వాళ్ల మీద గౌరవం పెరిగింది. తప్పు దొరికితే సరిదిద్దడానికి వాళ్ల దగ్గర రికార్డు ఉంది. మా దగ్గర ఎవరి ఫోనులోనో దొరికిన ఫొటో ఉంది.

ఇప్పుడు మా ల్యాబులో కదలకూడని జాయింట్లన్నిటికీ బోల్టు తల నుంచి ప్రొఫైలు మీదికి పెయింటు గీత గీశాం. గీత తెగితే బోల్టు కదిలినట్టే. నట్లు సరైన గాడివే కొన్నాం, తయారీదారు పట్టికలో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగిస్తున్నాం. నిలువు కమ్మీలకు ఏటవాలు ఊతాలు వేశాం. చట్రానికి ఒక పుస్తకం ఉంది: ఎవరు, ఎప్పుడు, ఏ బోల్టు విప్పారు, ఎందుకు, ఆ తర్వాత కెలిబ్రేషన్ తేడా ఎంత. రోజూ ప్రయోగం మొదలుపెట్టే ముందు బల్ల మీద బిగించిన ఒక స్టీలు గుండును కెమెరాతో చూసి, రోబోతో తాకి, రెంటి మధ్య తేడా రాస్తారు. తేడా పెరిగితే ఆ రోజు కాయలు బయటికి తీయరు. బాణాల బొమ్మ గీసిన కుర్రవాడే ఈ పద్ధతి పెట్టాడు. మొదట్లో అతని ప్రశ్నను తోసిపుచ్చినందుకు అందరి ముందూ క్షమాపణ అడిగాను. అతను ఇబ్బందిపడి “అయ్యో, అదేం లేదు మేడమ్” అన్నాడు.

ప్రాజెక్టు ప్రతిపాదన రాసే తోటి అధ్యాపకులకు ఒక విన్నపం. చట్రానికి, కొలిచే పరికరాలకు, సేఫ్టీకి విడిగా డబ్బు అడగండి. కమిటీలో ఎవరైనా ఇది పరిశోధన సామాను కాదంటే గట్టిగా వాదించండి. ఇండెంటులో గాడి వెడల్పుతో సహా రాయండి. గ్రిప్పరో, బేరింగో మీ ప్రశ్నే అయితే దాన్ని మీ చేతులతోనే చేసుకోండి, అందులో ఎంతో సంతోషం ఉంది, నేర్చుకునేదీ ఉంది. మీ ప్రశ్న మామిడికాయ అయితే మాత్రం మీ విద్యార్థి చలికాలాన్ని బల్ల కాళ్లకు బలి పెట్టకండి.

పాత సీజను డేటాను రెండుగా విడగొట్టాం. కమ్మీ జరపకముందుదానికి కెలిబ్రేషన్ ఉంది, దాన్ని చట్రం కొలతలతో సహా బయట పెడుతున్నాం. జరిపిన తర్వాతదాన్ని ఎవరూ వాడకూడదని రాసి పక్కన పెట్టాం. ఎం.టెక్ అమ్మాయికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను, వైవాలో నేను చెప్పిన జవాబు గురించి కూడా. రంగును బట్టి బిగువు తగ్గించే ఆమె ఆలోచనను కొత్త చట్రం మీద ప్రయత్నించడానికి అనుమతి అడిగాను. పేపరు వస్తే మొదటి పేరు తనదే ఉంటుందని చెప్పాను. పాత కోడ్ ఎక్కడో ఉంది, వెతికి పంపిస్తానంది. కాయలకు ఇంకా టైముంది, ఈలోపు గ్రిప్పరు నడిమి గీత సరిచూడాలి.